దేంట్లోనూ ఫస్టు రాని మనిషి

(ఖమ్మంలో ఒక గ్రంథాలయ హాలులో జరిగిన సంస్మరణ సభలో ఆయన భార్య, రిటైరైన లెక్కల టీచరు, చేసిన ప్రసంగం ఇది. ఆమె మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. అక్కడక్కడా వాక్యాలు మాత్రం సరిచేశాం.)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఆయనతో పనిచేసిన టెలిగ్రాఫ్ ఆఫీసు మిత్రులకు, మా వీధివాళ్ళకు, వెనక వరసలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న నా మనవలకు కూడా.

ఆయన పేరు నేను పలకను. పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు లేదు, ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టలేను. నా వెనక ఫ్లెక్సీ మీద ఇంతింత అక్షరాలతో వేయించారు కదా, చదువుకోండి. నేను మా వారు అంటాను, పిల్లల మాట వచ్చినప్పుడు తాతయ్య అంటాను.

ఇందాకటి నుంచి వింటున్నాను. ఒకరు సకల కళావల్లభుడన్నారు. ఇంకొకరు బహుముఖ ప్రజ్ఞాశాలి అన్నారు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాదే, కాదనను. కానీ నేను ఉద్యోగమంతా పేపర్లు దిద్దినదాన్ని. ఎక్కువ మార్కులు వేస్తే నాకు నిద్ర పట్టదు. అందుకని కొంచెం దిద్దుతాను. ఆయనకు బోలెడు హాబీలు ఉన్న మాట నిజం. వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ ఆయన గొప్పవాడు కాదు.

(నవ్వులు)

నవ్వకండి, ఉన్న మాటే చెబుతున్నా. చెస్ ఏళ్ళ తరబడి ఆడారు, గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. ఫొటోలు తీశారు. మా ఆడపడుచు పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికొడుకు తరఫు వాళ్ళలో సగం మందికి తలలు లేవు. గడియారాలు బాగుచేసేవారు. మా గోడ గడియారం విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించాక ఒక చిన్న స్ప్రింగు మిగిలిపోయింది. గడియారం మాత్రం నడిచింది. "చూశావా, ఇది కంపెనీవాళ్ళు దండగకు పెట్టారు" అన్నారు. అప్పటినుంచి అది రోజుకు పావుగంట ముందుకు పరిగెత్తేది. మా పిల్లలు ఎన్నడూ స్కూలుకు ఆలస్యంగా పోలేదంటే కారణం అదే. ఇక హార్మోనియం సంగతి నేను చెప్పను. మా పక్కింటివాళ్ళు ఇక్కడే ఉన్నారు, వాళ్ళను అడగండి.

ముందు ఆయన ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి. ఎందుకంటే ఇక్కడున్న పిల్లలకు టెలిగ్రాం అంటే సినిమాలు డౌన్‌లోడ్ చేసుకునే యాప్. ఆయన చేరిన కాలానికి మోర్సు కోడే, అంటే ఒక్కో అక్షరానికీ ఇన్ని చుక్కలు, ఇన్ని గీతలు అని. బల్ల మీద ఇత్తడి కీ ఒకటి, పక్కన సౌండర్ అని ఒక చిన్న పరికరం ఉండేవి. అవతలి ఊరి నుంచి వచ్చే కబురు ఆ సౌండర్ లో టకటకమంటుంటే, చెవితో విని, చేత్తో ఇంగ్లీషులో రాసుకోవాలి. ఒకసారి విన్నది మళ్ళీ వినిపించదు. రాత్రి డ్యూటీ అయితే తెల్లవార్లూ అదే. తర్వాత టెలిప్రింటర్లు వచ్చాయి, ఆ తర్వాత కంప్యూటర్లు. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసే ఎత్తేశారు.

ఆ రోజుల్లో ఇంటి ముందు టెలిగ్రాం మనిషి సైకిలు ఆగిందంటే, కవరు చింపకముందే ఏడుపులు మొదలయ్యేవి. పెళ్ళి శుభాకాంక్షలూ ఉండేవి లెండి, ప్రతి శుభాకాంక్షకూ ఒక నంబరు ఉండేది, నంబరు కొడితే చాలు. కానీ ఎక్కువగా గుర్తుండేవి ఆ రెండో రకమే. ఫలానావారు పోయారు, వెంటనే బయల్దేరండి. ఆ కబురు ఇంట్లోవాళ్ళకన్నా ముందు తెలిసేది మా వారికి. పైగా అది ఎవరికీ చెప్పకూడదు. అప్పట్లో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఉండేది, ఒకరి కబురు ఇంకొకరికి చెబితే నేరం. ఆయన చట్టం కోసం కాకపోయినా చెప్పేవారు కాదు. ఖమ్మం అప్పుడు ఎంత ఊరు? మామిళ్ళగూడెంలో తుమ్మితే ఖిల్లా దగ్గర వినిపించేది. ఆయన మధ్యాహ్నం కొట్టిన కబురు సాయంత్రానికి మా వీధిలో ఏడుపై వినిపించిన రోజులున్నాయి. నేను పరిగెత్తుకుంటూ వచ్చి "విన్నారా" అంటే, అప్పుడే విన్నట్టు "అయ్యో" అనేవారు.

కొన్ని రోజులు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తర్వాత తింటానని చెప్పి స్టాంపుల పెట్టె ముందేసుకునేవారు. ఆ రోజు ఎవరింటికి ఏ కబురు పంపారో నేను అడిగేదాన్ని కాదు. ఆఫీసు గురించి మాట్లాడలేని మనిషి, స్టాంపు గురించైతే ఎంతసేపైనా చెప్పేవారు. మా సంసారంలో మేం మాట్లాడుకున్న మాటల్లో సగం స్టాంపులూ, రేడియో స్టేషన్లూ, గుర్రం ఎటు దూకాలీ, ఇవే. మిగతా సగం ఒకటో తారీఖు జీతం ఎక్కడికి పోయిందీ అని.

స్టాంపుల పని మీలో ఎంతమంది చూశారో తెలీదు. కవరు మీంచి స్టాంపును పీకితే చిరుగుతుంది. చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తెరతో కత్తిరించాలి. పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, బొమ్మ పైకి ఉండేట్టు ఆ ముక్కను నీళ్ళ మీద వదలాలి. పది పదిహేను నిమిషాలకు వెనక జిగురు కరిగిపోయి, స్టాంపు దానంతటదే కాగితం మీంచి పక్కకు జారుతుంది. తొందరపడి లాగకూడదు. ఎర్ర కవర్ల ముక్కలు వేరే పళ్ళెంలో వెయ్యాలి, లేకపోతే ఆ రంగు దిగి మిగతావన్నీ గులాబీ రంగులోకి తిరుగుతాయి. తర్వాత చిన్న పట్టకారుతో తీసి, పాత న్యూస్‌పేపరు మీద బోర్లా ఆరబెట్టి, ముడతలు పోవడానికి లావుపాటి నిఘంటువులో పెట్టాలి. మా ఇంట్లో నిఘంటువు ఏ పేజీ తెరిచినా ఒక రాణిగారో ఒక రైలింజనో కింద పడేవి. పళ్ళెం అంటే ఆయనకు వేరే పళ్ళెం ఉందనుకునేరు. మా వంటింటి పళ్ళేలే. ఉప్మా పెట్టబోతే అందులో నెహ్రూ గారు తేలుతుండేవారు.

ఆయన దగ్గర విలువైనవి ఏమీ లేవు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇందాక ఒకాయన నా పక్కన కూర్చుని "మేడం, ఆల్బం లక్షల్లో పలుకుతుందా" అని అడిగారు. పలకదండీ. స్వతంత్రం వచ్చాక మన దేశం వేసిన మొదటి స్టాంపు, 1947 నవంబరు 21న వచ్చింది, మూడున్నర అణాలది, జాతీయ జెండా బొమ్మ, జై హింద్ అని ఉంటుంది. అది ఉంది, ముద్ర కొట్టినది. 1948 ఆగస్టు 15న గాంధీగారి మీద నాలుగు స్టాంపులు వేశారు. అణాలవి మూడు, పది రూపాయలది ఒకటి. అణాలవి సంపాదించారు. పది రూపాయలది దొరకలేదు. ఆ రోజుల్లో ఉత్తరానికి పది రూపాయల స్టాంపు ఎవరు అంటిస్తారు? తర్వాత దాని ధర మా జీతాలకు అందనంత పెరిగింది. ఆల్బంలో దానికి ఒక గడి గీసి, కింద పేరు రాసి ఉంచారు. ఎవరికైనా ఆల్బం చూపిస్తూ ఆ ఖాళీ గడి దగ్గరికి వచ్చినప్పుడు కూడా, ఉన్నదాన్ని చూపించినంత సంబరంగా చూపించేవారు. ఇది పది రూపాయలది, ఇదొక్కటీ ఇక్కడ ఉండదు, అని.

రేడియో గురించి తొందరగా చెప్పేస్తాను, లేకపోతే భోజనాలు ఆలస్యమవుతాయి. రేడియోకి కూడా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టే రోజులు అవి. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వేస్తుంటే ఇల్లంతా వినేవాళ్ళం, అది అందరిళ్ళలోనూ ఉన్నదే. మా వారిది ఇంకో పిచ్చి. అర్ధరాత్రి షార్ట్‌వేవ్ తిప్పి, గురగురల మధ్య ఏదో దేశం దొరికితే, ఎన్ని గంటలకు, ఏ మీటరు మీద, ఎంత స్పష్టంగా వినిపించిందీ ఐదు అంకెల్లో రాసి ఆ స్టేషనుకు ఉత్తరం వేసేవారు. నిజంగా విన్నారని తేలితే వాళ్ళు బొమ్మలున్న కార్డు పంపేవారు. మాస్కో నుంచి వచ్చింది, జర్మనీ నుంచి వచ్చింది. కార్డుకు కార్డు, కవరు మీద స్టాంపుకు స్టాంపు, ఆయనకు ఉభయతారకం. ఆ గురగురకు నిద్ర పాడైంది నాకు.

ఇప్పుడు చెస్. ఆయన ఎదురుగా మనిషి లేకుండా చెస్ ఆడేవారు, పోస్టుకార్డుల మీద. బొబ్బిలిలో ఒక హెడ్మాస్టరు గారు ఉండేవారు. ఇద్దరి ఇళ్ళలో రెండు బోర్డులు. ఈయన ఒక ఎత్తు వేసి కార్డు రాస్తే, అది బొబ్బిలి చేరి, ఆయన ఆలోచించి, జవాబు రాసి, అది ఖమ్మం వచ్చేసరికి వారం పది రోజులు. ఒక ఆట ఏడాది దాటేది. కార్డు పదిహేను పైసలు. ఎత్తులు అంకెల్లో రాస్తారు. బోర్డులో నిలువు వరసలకు ఒకటి నుంచి ఎనిమిది, అడ్డు వరసలకు ఒకటి నుంచి ఎనిమిది. రాజు ముందున్న బంటు 52 గడిలో ఉంటుంది, అది రెండు గడులు ముందుకు పోతే 54. కాబట్టి కార్డు మీద 5254 అని రాస్తే చాలు. క్షేమం, క్షేమమని తలుస్తాను, 5254, ఇట్లు. అంతే ఉత్తరం.

కొన్నాళ్ళకు మా పోస్టుమ్యాను గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి నన్ను అడిగాడు, "అమ్మా, సారు పెద్దమనిషి, నేను ఎవరికీ చెప్పను గానీ, ఇవి మట్కా నంబర్లా?" అని.

(నవ్వులు)

నేను కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. ఒకసారి కార్డు మీద నంబరు చూసి అతను కూడా కట్టాడని, పోయిందని తర్వాత తెలిసింది.

ఆ బోర్డు మా బీరువా మీద ఉండేది. దుమ్ము దులపడానికి వీల్లేదు. పనమ్మాయి ఒకసారి గుడ్డతో తుడిచి, పావులన్నీ అందంగా వరసలో పేర్చి పెట్టింది. ఆయన ఏమీ అనలేదు. ఆ ఆట కార్డుల కట్ట తీసి, మొదటి ఎత్తు నుంచి వేసుకుంటూ వచ్చి, ఎక్కడ ఆగిందో అక్కడికి తెచ్చారు. తెచ్చాక చూసుకుంటే తాను ఓడిపోతున్నానని అర్థమైంది. "ఆ అమ్మాయి పేర్చిందే నయం" అన్నారు. ఓడిపోయిన కార్డు మీదే అభినందనలు రాసి, కింద కొత్త ఆటకు మొదటి ఎత్తు రాసి పంపేవారు, కార్డు ఖర్చు కలిసొస్తుందని. ఆ హెడ్మాస్టరు గారు ఒక్కసారి మా పెద్దబ్బాయి పెళ్ళికి వచ్చారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడతారని అందరం కాచుకున్నాం. ఆడలేదు. ఎదురెదురుగా కూర్చుంటే ఆలోచించుకోవడానికి టైం చాలదట! రెండు రోజులూ మామిడి అంట్లు ఎట్లా కట్టాలీ అని మాట్లాడుకున్నారు. అంట్లు కట్టడం కూడా ఆయన హాబీయే, అదెట్లా బతికిందో మా పెరట్లో చూడొచ్చు.

ఫొటోల పిచ్చికి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా. 120 రోలు వేస్తే పన్నెండు ఫొటోలు. స్టూడియోలో కడిగిస్తే డబ్బులవుతాయని ఇంట్లోనే కడిగేవారు. రాత్రి అందరి స్నానాలూ అయ్యాక బాత్రూం ఆయనది. ఎర్ర బల్బు, మూడు ట్రేలు, తలుపు సందుల్లో నా పాత చీరలు కుక్కి ఉండేవి. ఆ మందుల వాసన పొద్దుటికి కూడా పోయేది కాదు. పిల్లలు మాత్రం లోపల కూర్చోవడానికి కొట్టుకునేవారు, తెల్ల కాగితం మీద మెల్లగా వాళ్ళ ముఖాలే తేలుతుంటే చూడాలని.

ఇక గ్రహణం సంగతి. ఇది మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1980 ఫిబ్రవరి 16, శనివారం, సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ కార్వార్ దగ్గర మన దేశం నేల మీదికి వచ్చి, రాయచూరు, సూర్యాపేట, మన ఖమ్మం మీదుగా పూరీ వైపు పోయింది. హైదరాబాద్ కూడా ఆ నీడ పట్టీకి కొంచెం బయటే ఉండిపోయింది. ఉస్మానియా వాళ్ళ జాపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీ లోపలికి వచ్చింది. మా వారు నెలల ముందు నుంచి దాని గురించి చదువుతున్నారు. ఊరు ఊరంతా ఏమో తలుపులు బిగించుకునే ఏర్పాట్లలో ఉంది. మా అత్తగారు పచ్చడి జాడీల నుంచి నీళ్ళ బిందె దాకా అన్నిటి మీదా దర్భలు వేశారు. నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. గర్భిణీ మీద గ్రహణం నీడ పడితే పుట్టే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని ఆవిడ భయం. నన్ను పడమటింట్లో పడుకోబెట్టి, కిటికీలు మూసి, కదలొద్దన్నారు. నేను లెక్కల టీచర్నే, అదంతా ఉత్తదని నాకు తెలుసు. కానీ అత్తగారి ఇంట్లో లెక్కలు వేరే ఉంటాయి.

మా వారు తల్లితో వాదించలేదు. పొద్దున్నే వచ్చి, కిటికీ చెక్క తలుపుకు చిన్న మేకుతో బెజ్జం పెట్టి వెళ్ళారు. ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నం రెండున్నర అయ్యాక పడమటి ఎండ ఆ బెజ్జంలోంచి వచ్చి ఎదుటి గోడ మీద పడింది. రూపాయి బిళ్ళంత సూర్యుడు. ఆ బిళ్ళ పై అంచున ఒక నొక్కు. నేను మంచం మీద పడుకునే ఉన్నాను, గోడ మీద ఆ నొక్కు పెద్దదవుతోంది. బెజ్జంలోంచి పడే బొమ్మ తలకిందులుగా ఉంటుందని నాకు పాఠంగా తెలుసు, చూడటం అదే మొదలు. ఆయన వచ్చి కాసేపు మంచం పట్టె మీద కూర్చున్నారు. బిళ్ళ నెలవంక అయింది, నెలవంక సన్నబడింది. "ఇక మీరు మేడ మీదికి పొండి" అన్నాను. ఇంకోసారి చెప్పించుకోలేదు, ఒక్క ఉరుకున పోయారు.

మూడూ ముప్పావు ప్రాంతంలో గోడ మీద ఆ గీత కూడా పోయింది. గది చీకటైంది. రెండు నిమిషాలు అటూ ఇటూగా ఉందంతే. ఆ రెండు నిమిషాలూ మేడ మీంచి ఆయన గొంతు, క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు: "నల్లగా అయిపోయింది! చుట్టూ తెల్లగా వెలుగు! శుక్రుడు! శుక్రుడు కనబడుతున్నాడు! కాకులన్నీ చెట్టెక్కాయి!" అని. పూజగదిలోంచి మా అత్తగారు, "వీడి నోరు పడిపోను, గ్రహణంలో ఆ అరుపులేంట్రా!" అని. ఈ రెండూ ఒకేసారి విన్న మనిషిని ఖమ్మం జిల్లాలో నేనొక్కదాన్నే. ఆ బిడ్డ అదిగో, రెండో వరసలో కూర్చుంది. పెదవి శుభ్రంగా ఉంది. నోరు ఇంకా శుభ్రంగా పనిచేస్తుంది.

(నవ్వులు, చప్పట్లు)

మనవల కాలానికి ఆయనకు తీరిక దొరికింది, టెలిగ్రాం ఎత్తేశారు, ఇంక మోర్సు వీళ్ళకు నేర్పడం మొదలుపెట్టారు. గోడకు అటువైపు తాతయ్య గది, ఇటువైపు వంటిల్లు. మోర్సులో ఇంగ్లీషు టి అక్షరానికి ఒకే ఒక గీత. గ్లాసు అంచుతో గోడ మీద బర్రున గీకితే టీ కావాలని అర్థం. నలుగురు మనవలూ తాతయ్య తరఫున గీకేవారు. మా గోడ సున్నం ఎట్లా ఊడిందో ఇప్పుడు పెయింటరుకు చెప్పలేక చస్తున్నా. నేనూ ఒక అక్షరం నేర్చుకున్నాను, ఎన్. గీత, చుక్క. వంటింట్లోంచి గరిటెతో అది కొడితే, ఇవ్వను అని.

మా పెద్ద మనవరాలికి చెస్ నేర్పింది తాతయ్యే. ఆ పిల్లకు నిజంగా తెలివి ఉంది. ఏడాది తిరక్కుండా తాతయ్యను ఓడించింది. అదేం పెద్ద విషయం కాదు, చెప్పాను కదా. కానీ టోర్నమెంట్లలో కూడా గెలిచింది. నేనే పట్టుబట్టి హైదరాబాద్‌లో కోచింగ్‌లో వేయించాను. మన గుడివాడ నుంచి కోనేరు హంపి రాలేదా, వరంగల్ నుంచి అర్జున్ ఎరిగైసి రాలేదా, మన పిల్లకేం తక్కువ అని నా వాదన. రేటింగ్ అనీ, ర్యాంక్ అనీ, ఆదివారాలు అన్నీ ప్రయాణాలే. రెండు మూడేళ్ళకు, పోటీ ఉందంటే ముందురోజు రాత్రి ఆ పిల్లకు కడుపునొప్పి. డాక్టర్లు ఏమీ లేదన్నారు, టెన్షన్ అన్నారు. వాళ్ళ నాన్న కోచింగ్ మాన్పించాడు. నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు, ఆ మాట ఈ సభలో కూడా చెబుతాను. ఇంకో ఏడాది ఓపిక పట్టి ఉంటే గట్టెక్కేది.

మా వారు ఆ గొడవలో ఒక్క మాట మాట్లాడలేదు. వేసవి సెలవులకు అది వచ్చినప్పుడు బోర్డు తీసింది లేదు, రమ్మన్నదీ లేదు. ఒక రోజు ఆ పిల్ల ఫోన్‌కు వాట్సాప్‌లో పక్కగదిలోంచి ఒక మెసేజ్ వచ్చింది. 5254. మర్నాడు సాయంత్రం దాకా అది జవాబివ్వలేదు. తర్వాత ఇచ్చింది. ఆ ఆట తొమ్మిది నెలలు నడిచింది. ఆయన ఓడిపోయారు. ఓడిపోయి, నా దగ్గరికొచ్చి, "ఎంత బాగా కట్టిందో చూడు, ఎటూ కదలనివ్వలేదు నన్ను" అని బోర్డు చూపించి మురిసిపోయారు. ఓడినవాళ్ళను బడిలో వందల మందిని చూశాను, ఇట్లా మురిసేవాళ్ళను చూడలేదు. వాళ్ళిద్దరూ తర్వాత కూడా ఆడుతూనే ఉన్నారు. ఆ పిల్లకు ఇప్పుడు ర్యాంకు లేదు. ఇంజనీరింగ్ చదువుతోంది, హాస్టల్లో నలుగురికి నేర్పుతోందట.

2024 సెప్టెంబరు 1 గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మున్నేరు ఎవరిళ్ళలోకి ఎంత వచ్చిందో ఈ హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. మాకు కింది వాటా అంతా మునిగింది. మేం మేడ మీద ఉన్నాం కాబట్టి బతికాం. నీళ్ళు తీసాక చూస్తే మోకాలి దాకా బురద. రేడియో పోయింది, ఫ్రిజ్ పోయింది, నా సర్వీసు కాగితాలు పోయాయి. ఆయన అవేవీ చూడలేదు. నేను బియ్యం సంగతేంటి అంటుంటే, ఆయన బకెట్‌తో మంచినీళ్ళు పట్టి అందులో నెగిటివ్‌లు వేస్తున్నారు. మునిసిపాలిటీ ట్యాంకరు నీళ్ళు, తాగడానికి తెచ్చుకున్నవి! గట్టిగానే అరిచాను. "తడిగా ఉన్నంతసేపూ విడతీయొచ్చు, ఎండితే అతుక్కుపోతాయి" అన్నారు. ఒక్కొక్కటీ కడిగి, బట్టల క్లిప్పులతో తీగకు వేలాడదీశారు. ఈ ముందు బల్ల మీద పెట్టిన ఫొటోలు వాటిలోవే. తలలు లేనివి కూడా బతికాయి.

స్టాంపుల ఆల్బంలు ముద్ద అయ్యాయి. మనవలు నలుగురూ సెలవు పెట్టుకుని వచ్చారు. మేడ మీద నా నేత చీరలు రెండు పరిచి, పేజీలు ఒక్కొక్కటి నీళ్ళలో నానబెట్టి, స్టాంపులు తీసి బోర్లా పరిచారు. గాలికి ఎగరకుండా పైన దోమతెర కప్పారు. పోస్టాఫీసులో డబ్బు పెట్టి కొన్న కొత్త స్టాంపులు చాలావరకు పోయాయి. వాటి వెనక జిగురు ఉంటుంది కదా, ఒకదానికొకటి అతుక్కుని అట్టలైపోయాయి. పాత కవర్ల మీంచి కత్తిరించినవి, చెత్తబుట్టల్లోంచి ఏరినవి, అవన్నీ శుభ్రంగా బయటికొచ్చాయి. ఎప్పుడో ఒకసారి నీళ్ళలో మునిగి జిగురు వదిలించుకున్నవే అవి. బొబ్బిలి కార్డుల్లో ఇంకు పెన్నుతో రాసినవి నీలం మరకలయ్యాయి, బాల్‌పెన్నుతో రాసినవి చదవొచ్చు. కాబట్టి ఆయన ఓడిన ఆటలు కొన్నిటికి సాక్ష్యం లేదు. దానికీ సంతోషించారు.

ఆ తర్వాత ఆరోగ్యం తగ్గుతూ వచ్చింది. అదంతా ఇక్కడ వద్దు. ఆస్పత్రిలో కూడా పక్క మంచం ఆయనకు అంట్లు కట్టడం చెబుతున్నారు, అంతవరకు చాలు.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. పక్క గదిలో బల్ల మీద స్టాంపులు కవర్లలో పెట్టి ఉన్నాయి. పిల్లలు ఎవరికి నచ్చినవి వాళ్ళు తీసుకోండి. ఎన్నైనా తీసుకోండి, మార్కులు లేవు, పోటీ లేదు. పెద్దలు ముట్టుకోవద్దు. పట్టకారు అక్కడే ఉంది, వేళ్ళతో పట్టుకుంటే చెమట అంటుతుంది. ఆల్బంలో జెండా స్టాంపున్న పేజీ మాత్రం ఇవ్వను. చెస్ బోర్డు ఈ గ్రంథాలయానికి ఇస్తున్నాం, కిటికీ పక్కన బల్ల మీద పెడతామని లైబ్రేరియన్ గారు మాటిచ్చారు. ఒక బంటు లేదు, దాని బదులు సీసా మూత ఉంది. ఆడటానికి అదేం అడ్డం కాదు. కెమెరా మా అమ్మాయి తీసుకుంది, గడియారం మా పెద్దబ్బాయికి. పావుగంట సంగతి వాడికి తెలుసు.

హార్మోనియం ఒకటి మిగిలింది. అటక మీద ఉండటం వల్ల దానికి వరద కూడా అందలేదు, అది మా అదృష్టమో, పక్కింటివాళ్ళ దురదృష్టమో. రెండు మెట్లు పలకవు, మిగతావి పలుకుతాయి. నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా సరే, ఇవాళే పట్టుకుపోవచ్చు, ఆటో కిరాయి నేనిస్తాను. భోజనాలు వెనక వరండాలో. మామిడికాయ పప్పు ఉంది, కాయలు మా పెరట్లో ఆయన కట్టిన అంటువే. పులుపు కొంచెం ఎక్కువ, చూసుకుని వడ్డించుకోండి. నమస్కారం.